వెనక కూర్చునేవాళ్ళ హెల్మెట్

జూన్ 3

ఆయన చెయ్యి విరిగింది. కుడి మణికట్టు. బాత్రూమ్‌లో సబ్బు మీద కాలేసి పడ్డాడు. ఆరు వారాలు కట్టు ఉండాలన్నారు.

డాక్టరు చెబుతున్నంతసేపూ నేను తల ఊపుతూ నిలబడ్డాను. దవడ వంకర పోయాక నాకొక సౌకర్యం వచ్చింది. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో చూసేవాళ్ళకు తెలియదు.

జూన్ 4

“ఇక బండి మూలన పడ్డట్టేనా?” అన్నారు అత్తగారు పొద్దున్నే.

“నేను నడుపుతాను అత్తయ్యా,” అన్నాను.

ఆయన ఎడమ చేత్తో టీ తాగుతున్నాడు. గ్లాసు గాల్లో ఆగింది. “నువ్వా? నీకెప్పుడొచ్చు?”

“లైసెన్సు వచ్చి నెలైంది. మధ్యాహ్నం అన్నం వేళ మా బస్సు డిపో వెనక మైదానంలో పెద్ద డ్రైవరుగారు నేర్పించారు. మిమ్మల్ని ఫ్యాక్టరీ దగ్గర దింపి నేను డ్యూటీకి బస్టాండుకు పోతాను. దారి ఒకటేగా.”

తల్లీ కొడుకూ నోరెళ్ళబెట్టారు. నోట్లో నాలుక లేని పిల్ల అని అత్తగారు నన్ను చుట్టాల దగ్గర తెగ పొగిడేవారు. ఉన్న నాలుకను ఇన్నాళ్ళూ దాచుకున్నానని ఇవాళ తెలిసింది ఆవిడకు.

దారి ఒకటే. కంకర మలుపు మీదుగా.

జూన్ 5

ఇది ఇంకెవరితోనూ చెప్పుకోలేను. ఇక్కడ ఒకసారి సాంతం రాసి పారేస్తే మళ్ళీ మళ్ళీ రాసే పని ఉండదు.

పోయిన అక్టోబరులో కంకర మలుపు దగ్గర మా బండి జారింది. టిప్పర్లోంచి ఒలికిన కంకర రోడ్డంతా ఉంది. ఇద్దరం పడ్డాం. ఆయన మొహం నేలకు రాసుకుంటూ పోయింది, కానీ రాసుకున్నది హెల్మెట్ గడ్డం. దాని మీద బెత్తెడు గీత పడింది, అంతే. నా తల మీద ఉన్నది బండితోపాటు ఉచితంగా ఇచ్చిన సగం హెల్మెట్, ఒట్టి చిప్ప. అది నాకంటే ముందే ఎగిరి పక్క కాలవలో పడింది. దవడ రెండు చోట్ల విరిగింది. నాలుగు పళ్ళు పోయాయి. ఆరు వారాలు తీగలతో నోరు కట్టేశారు. పదకొండేళ్ళు బస్టాండు మైకులో వినపడింది నా గొంతే. నేను చెబితే జనం పరుగెత్తేవాళ్ళు. ఇప్పుడు మైకు ముందు వేరే అమ్మాయి కూర్చుంటోంది. నన్ను దొరికిన సామాన్ల గదిలో వేశారు. జనం మర్చిపోయిన గొడుగులకు చీటీలు కడతాను.

నోరు కట్టి ఉన్న ఆ ఆరు వారాల్లోనే ఆయన తనకు కొత్త హెల్మెట్ కొనుక్కున్నాడు. “ఒకసారి దెబ్బ తిన్నది ఇక పనికిరాదట, లోపలి థర్మోకోల్ అణిగిపోతుందట,” అని నాకే వివరించాడు. నేను గొట్టంతో పాలు తాగుతూ విన్నాను. చిప్పను మాత్రం తుడిచి మేకుకు తగిలించాడు. అది దెబ్బ తినలేదు మరి, దెబ్బంతా నేనే తిన్నాను.

నాకు కావలసింది ఒక్క మాట. నీకు మంచిది కొనలేదు, తెలిసే కొనలేదు అనాలి. ఎనిమిది నెలలైంది. రాత అంటాడు, కంకర అంటాడు, టిప్పర్ వాణ్ణి తిడతాడు. ఆ మాట మాత్రం అనడు. అనిపిస్తాను.

పళ్ళు నూరుకుందామంటే నాలుగు లేవు.

జూన్ 6

అత్తగారు బట్టలు మడత పెడుతూ అన్నారు: “వాణ్ణెందుకే అలా మింగేసేలా చూస్తావు? మీరు పడకముందు, వాడు హెల్మెట్ కొనుక్కున్న రోజు షాపులో నీకూ కొనిస్తానన్నాడట. నువ్వే బరువుగా ఉంది వద్దన్నావట.”

అబద్ధం. ఆయన కొనిస్తాననలేదు. నేను వద్దనలేదు.

జూన్ 7

వద్దనలేదు.

జూన్ 8

సెలవు. ఒక్కదాన్నే హెల్మెట్ల షాపుకు వెళ్ళాను. ఆ రోజు మేమిద్దరం వెళ్ళిన షాపే. షాపతన్ని ఆ వీధిలో తలల డాక్టరంటారు. తల పట్టుకుని చూడనిదే ఎవరికీ సరుకు అమ్మడు.

“నల్లది చూపించండి, ఆ మంటలు మంటలుగా గీతలున్నది,” అన్నాను.

“రంగు చివర్న చూద్దామమ్మా. ముందు కొలత.” కనుబొమలకు వేలెడు పైన టేపు చుట్టాడు. “యాభై ఆరు. ఇప్పుడు ఇది పెట్టండి.”

పెట్టుకున్నాను. బుగ్గలు రెండూ పెదవుల మీదకు వచ్చాయి. “నొక్కేస్తోంది!”

“నొక్కాలి. ఇవాళ హాయిగా ఉన్నది రెండు నెలలకు లొడలొడలాడుతుంది. నుదుటి దగ్గర నొప్పి ఉంటే తప్పు సైజు, బుగ్గల దగ్గర బిగువుంటే మంచి సైజు. ఏదీ, నములుతున్నట్టు దవడ ఆడించండి.”

ఆడించాను. టక్కుమంది. హెల్మెట్ లోపల ఆ చప్పుడు నాకే పెద్దగా వినపడింది. అతనికీ వినపడినట్టుంది. లోపలికి వెళ్ళి బుగ్గల దిండ్లు పలచటివి తెచ్చి మార్చాడు. తల అడ్డంగా ఊపమన్నాడు, హెల్మెట్‌తోపాటు చర్మం కదిలింది. వెనక అంచు పట్టుకుని పైకి లాగి చూశాడు, ఊడలేదు. గడ్డం కింద పట్టీలో రెండు వేళ్ళు పట్టేంత సందు ఉంచాడు. ఎనిమిది నెలల్లో నా మొహాన్ని ఇంత శ్రద్ధగా పట్టించుకున్నవాడు ఇతనొక్కడే.

“ఇక రంగు,” అన్నాడు. “నల్లది అందంగానే ఉంటుందమ్మా, కానీ ఎదుటి లారీవాడికి మీరు కనబడరు.”

నిప్పు రంగుది తీసుకున్నాను. అద్దంలో చూసుకుంటే వంకర దవడ లేదు, ఊడిన పళ్ళు లేవు, కళ్ళు మాత్రమే ఉన్నాయి. ఆ కళ్ళు చూస్తే నాకే జడుపు పుట్టింది. బాగున్నాయనిపించింది.

డబ్బు కడుతుంటే అతను అన్నాడు: “ఆ ఎర్రది ఉండాల్సిందమ్మా. పోయినేడు సారుతో వచ్చినప్పుడు అది పెట్టుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగి చూసుకున్నారు. మళ్ళీ ఆ మోడల్ రాలేదు.”

“బరువని వదిలేశాను కదా,” అన్నాను. నా నోటితో నేనే.

“బరువేంటమ్మా? సారు తీసుకున్నదానికంటే అది రెండొందల గ్రాములు తక్కువ. సారు రెండూ చెరో చేత్తో పట్టుకుని చూశారు కూడా.”

జూన్ 9

రెండూ చెరో చేత్తో పట్టుకుని చూశాడు.

సరే, అన్నాను. బరువుగా ఉంది, వద్దులెండి అన్నాను. ఇంతకు ముందు పేజీలో అనలేదని రాశాను, దాన్ని చింపను. ఏ అబద్ధం ఎన్నాళ్ళు ఆడుకున్నానో నాకు తెలియాలి.

జరిగింది ఇది. ఎర్రది పెట్టుకుని ధర అడిగాను. షాపతను చెప్పాడు. నేను ఆయన మొహం చూశాను. ఆయన ఏమీ అనలేదు. కౌంటరు మీద ఉన్న తన కొత్త హెల్మెట్ అందుకుని దాని గాజు తుడవడం మొదలుపెట్టాడు. పన్నెండేళ్ళ కాపురంలో ఆ తుడవడం నాకు తెలియనిది కాదు. చెల్లెలి ఊరు వెళ్దామన్నప్పుడు కళ్ళజోడు తుడుస్తాడు. పడకగదికి ఫ్యాన్ మార్చుదామన్నప్పుడు బండి ట్యాంకు తుడిచాడు. ఆయన కాదనడు, మనమే వద్దనేదాకా తుడుస్తాడు. అందుకని బరువుగా ఉంది అన్నాను. ఆయన “సరే” అన్నాడు.

మాట నాదే. కానీ ఆ మాట అబద్ధమని ఆయనకు తెలుసా, తెలియదా? తెలియకపోతే ఆయన ఒట్టి మొద్దు. మొద్దులతో బోలెడుమంది కాపురాలు చేస్తున్నారు, నేనూ చేస్తాను. తెలిసి ఉంటే?

జూన్ 12

ఇవాళ చెయ్యి జారింది.

ఆయన హెల్మెట్ లోపలి గుడ్డ చెమట కంపు కొడుతోందని విప్పి ఉతికాను. పైడొల్లను డాబా పిట్టగోడ మీద ఎండకు పెట్టాను. మూడంతస్తులు. చెయ్యి తగిలింది. కింద సిమెంటు మీద ఒకటే చప్పుడు.

ఆయన దిగి వెళ్ళి తెచ్చుకున్నాడు. తిప్పి తిప్పి చూశాడు. “ఏం కాలేదు. కొంచెం గీసుకుంది అంతే.”

“అయ్యో, ఒకసారి దెబ్బ తిన్నది ఇక పనికిరాదటండీ. లోపలి థర్మోకోల్ అణిగిపోతుందట.”

నా వంక చూశాడు. పాఠం ఎవరి దగ్గర నేర్చుకున్నానో గుర్తుకొచ్చినట్టుంది.

“మరి నాకు?” అన్నాడు.

“ఉందిగా,” అని మేకు వైపు చూపించాను. “నడిపేవాళ్ళకు అసలుది ఉండాలి, వెనక కూర్చునేవాళ్ళకు ఏదైనా చాలు అని మీరేగా అంటుంటారు.”

కుక్క కాటుకు చెప్పు దెబ్బ.

జూన్ 13

చెయ్యి తగల్లేదు. తోశాను.

జూన్ 16

ఇవాళ్టి నుంచి డ్యూటీకి వెళ్తానన్నాడు. రంగుల ఫ్యాక్టరీలో రంగులు కలిపే సెక్షన్‌కు సూపర్‌వైజరు, చేత్తో పెద్ద పనుండదు. కట్టు కట్టిన చేత్తో రద్దీ బస్సెక్కలేడు కాబట్టి నా వెనక ఎక్కాడు. చిప్ప పట్టీ నేనే బిగించాను. చెవులు బయట, మెడ బయట, మొహమంతా బయట. పెళ్ళిచూపులప్పుడు కూడా ఆయన మొహం అంత స్పష్టంగా చూడలేదు.

సిగ్నల్ దగ్గర మా పక్కన బస్సు ఆగింది. పైనుంచి పెద్ద డ్రైవరుగారు చూశాడు. మధ్యాహ్నం నా గదికి వచ్చి కూర్చున్నాడు.

“అమ్మాయ్, ముందు కూర్చున్నదాని తల చూస్తే మహారాణి. వెనకవాడి తల మీద అదేంటి?”

“ఆయనదే బాబాయ్. ఆయన ఏరి తెచ్చుకున్నదే.”

“నీ గొడవ నాకు తెలుసులే. ముప్పై నాలుగేళ్ళుగా యాభై అరవై మందిని వెనకేసుకుని తిరిగాను. వాళ్ళలో నాకు పడనివాళ్ళు ఉండేవాళ్ళు. నా పొలం గట్టు జరిపినవాడు రోజూ నా బస్సులోనే వచ్చేవాడు. స్టీరింగ్ పట్టుకున్నాక వాడూ నా ప్రయాణికుడే.”

“నీ దవడ విరగ్గొట్టలేదుగా వాడు,” అన్నాను.

డ్రైవరుగారు లేచి వెళ్ళిపోయాడు. పెద్దాయన్ని అంతమాట అనకుండా ఉండాల్సింది. కానీ అన్నాను, అన్నందుకు బాధ లేదు.

జూన్ 17

కంకర మలుపులో వేగం తగ్గించలేదు. నలభై.

జూన్ 18

నలభై ఐదు. ఆయన ఎడమ చెయ్యి నా నడుం దగ్గర బిగిసింది. “మెల్లగా,” అన్నాడు. హెల్మెట్లో వినపడలేదన్నట్టు ఊరుకున్నాను.

పడ్డ రోజు నేనూ మెల్లగా అన్నాను. ఆయనకూ వినపడలేదు. ఆ హెల్మెట్లో నిజంగానే వినపడదో, వినపడనట్టు ఉండొచ్చో ఇప్పుడు నాకు తెలుసు. బాగా వినపడుతుంది.

జూన్ 19

యాభై. వెనక చక్రం కొద్దిగా పక్కకు జరిగింది. కొద్దిగానే. మళ్ళీ పట్టు దొరికింది.

ఫ్యాక్టరీ గేటు దగ్గర వాడు దిగి, చిప్ప తియ్యడానికి ఒంటి చేత్తో తంటాలు పడ్డాడు. నేను సాయం చెయ్యలేదు. మొహం పాలిపోయింది. ఒక్క మాట తిట్టలేదు. తిడితే బాగుండేది.

వాడు అని రాశాను. కొట్టెయ్యను.

బస్టాండు చేరేదాకా హ్యాండిల్ బిగించి పట్టుకున్నాను. భయంతో కాదు.

జూన్ 20

ఆయనే అడిగాడు, నిమ్మకు నీరెత్తినట్టు. “రేపు సెలవు కదా. నాక్కూడా ఒక హెల్మెట్ చూద్దామా?”

“చూద్దాం,” అన్నాను. అప్పటికి నా మనసులో ఏమీ లేదు.

ఉంది.

జూన్ 21

తలల డాక్టరు ఆయన తల కొలిచి బూడిద రంగుది పెట్టాడు. పట్టీ నేనే బిగించాను, రెండు వేళ్ళ సందు ఉంచి. తల ఊపాడు, నమిలాడు, అద్దం ముందు నిలబడ్డాడు. “బాగుంది,” అన్నాడు అద్దంతో. నిజంగానే బాగుంది. కొత్తగా కొన్న బొమ్మ చూసుకున్న పిల్లాడిలా ఉన్నాడు. చూడకూడదనుకున్నా చూశాను.

షాపతను ధర చెప్పాడు. ఆయన నా వంక తిరిగాడు. చెయ్యి విరిగినప్పటి నుంచి కార్డు నా సంచిలోనే ఉంటోంది.

నేను ఏమీ అనలేదు. కౌంటరు మీద ఉన్న నా హెల్మెట్ దగ్గరికి లాక్కుని, పక్కనున్న గుడ్డ ముక్క తీసుకుని గాజు తుడవడం మొదలుపెట్టాను. నెమ్మదిగా, గుండ్రంగా. తుడిచిన చోటే తుడిచాను.

“కాస్త బరువుగా ఉంది,” అన్నాడు. “ఇంకో నాలుగు వారాలేగా. వద్దులే.”

“సరే,” అన్నాను.

షాపతను నన్ను చూసి, ఆయన్ని చూసి, హెల్మెట్ తీసుకుని అరలో పెట్టేశాడు.

మధ్యాహ్నం అన్నం బాగా సహించింది. రెండోసారి పెట్టించుకున్నాను. అత్తగారు ఇవాళ ఆకలి బాగుందే అన్నారు.

జూన్ 22

నిన్నటి తిండి అరగలేదు.

ఆయన బరువుగా ఉంది అన్నప్పుడు, అది అబద్ధమని తెలుసుకోవడానికి నాకు ఎంతసేపు పట్టింది? అసలు పట్టలేదు. నోరు తెరవకముందే తెలుసు. అద్దంలో ఆయన మొహం ఆరిపోవడం చూశాను. పన్నెండేళ్ళుగా కంచం ముందు కూర్చునే మనిషి మొహం చదవడానికి వేరే చదువు అక్కర్లేదు.

మరి ఆయనకు మాత్రం ఆ చదువు ఎందుకు కావాలి?

రేపు అడుగుతాను. మలుపు దగ్గర. చెప్పకపోతే అరవైలో తిప్పుతాను. రాసి పెట్టాను, వెనక్కు తగ్గకుండా.

జూన్ 23

మలుపుకు వంద అడుగుల ముందు బండి పక్కకు తీసి ఇంజను ఆపాను. గాజు పైకెత్తాను.

“ఏమైంది?” అన్నాడు.

“మొన్న షాపులో అది నిజంగా బరువుగా ఉందా?”

టిప్పర్ ఒకటి మా పక్క నుంచి దుమ్ము రేపుకుంటూ పోయింది.

“లేదు,” అన్నాడు.

“మరి ఎందుకలా అన్నారు?”

“నీ మొహం చూసి.”

“నేనేమీ అనలేదే.”

“అనాలా ఏంటి? ఆ తుడవడం చాలదూ?”

నేను ముందుకే చూస్తూ కూర్చున్నాను. వెనక్కి తిరిగితే అడగలేనని తెలుసు. “ఆ రోజు నేను ఎర్రది బరువుగా ఉందన్నాను. రెండూ చేతుల్లో పట్టుకుని చూశారు మీరు. అప్పుడు మీకు ఏమనిపించింది?”

టిప్పర్ అంటాడనుకున్నాను. కంకర అంటాడనుకున్నాను. తాళం మీద చెయ్యి పెట్టుకుని సిద్ధంగా ఉన్నాను.

“తెలుసు,” అన్నాడు. “అబద్ధమని తెలుసు. నీకది బాగా నచ్చిందని కూడా తెలుసు. ఇంకొక్కసారి అడిగితే కొందాంలే అనుకున్నాను. నువ్వు అడగలేదు.” ఆగాడు. “హమ్మయ్య అనుకున్నాను.”

ఈ మాట కోసం ఎనిమిది నెలలు చూశాను. హమ్మయ్య మాత్రం నేను అడగలేదు. అది ఆయన అంతట ఆయన ఇచ్చాడు.

“దిగండి.”

“ఇక్కడా?”

“ఇక్కడే. ఫ్యాక్టరీ కిలోమీటరు కూడా లేదు. నడిచి వెళ్ళండి.”

దిగాడు. చిప్ప అలాగే తల మీద ఉంది, ఒంటి చేత్తో పట్టీ రాదు. దాన్ని అలాగే పెట్టుకుని రోడ్డు అంచు వెంట నడుచుకుంటూ పోయాడు. నేను ఇరవైలో, ఒక కాలు నేలకు ఆనిస్తూ, కొత్తగా నేర్చుకునేదానిలా ఆ మలుపు దాటాను. మొన్నటిదాకా యాభైలో తిప్పినదాన్ని నేనేనా అనిపించింది. వెనక మనిషి ఉన్నాడు అప్పుడు. తల మీద చిప్ప ఉందని తెలిసే తిప్పాను. పడి ఉంటే నేనూ కంకరనే తిట్టేదాన్ని.

పెద్ద డ్రైవరుగారి దగ్గరికి వెళ్ళి క్షమించమని అడిగాను. “దేనికి?” అన్నాడు. చెప్పలేదు.

జూన్ 24

గెలిచాను కదా, చల్లబడాలి. చల్లబడలేదు.

ఇన్నాళ్ళూ నా దగ్గర కోపం ఒక్కటే ఉందనుకున్నాను. కాదు, పాపం ఆయనకు నిజంగా తెలియదేమో అన్న అనుమానం కూడా చిన్నది ఉండేది. పాలు గొట్టంతో తాగిన రోజుల్లో, రాత్రి ఆయన నా దిండు సరిచేసినప్పుడు, తెల్లారి మళ్ళీ టీ పెట్టి ఇచ్చినప్పుడు, నన్ను ఈ ఇంట్లో ఉంచింది ఆ అనుమానమే. నిన్న దాన్ని నా చేతులతో నేనే తీసేసుకున్నాను.

చెల్లెలికి ఫోన్ చేశాను. మేడ మీద గది ఖాళీగానే ఉందట. ఎన్నాళ్ళకు అని అడగలేదు, మంచి పిల్ల.

బట్టలు సర్దుతుంటే ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. “చెప్పమన్నావు, చెప్పేశాను. తప్పు ఒప్పుకున్నాను. ఎర్రది ఎక్కడున్నా వెతికి తెస్తాను. ఇంకా ఏం కావాలి నీకు?”

“ఏమీ వద్దండీ,” అన్నాను.

ఆయన నా మొహం చూశాడు. ఈసారి నేను అబద్ధమాడటం లేదని ఆయనకు తెలిసిపోయింది.